ఎసిటోజెన్లను సీసాలో పెంచడం: ఎసిటోబ్యాక్టీరియం వుడీ కోసం సమగ్ర ప్రయోగశాల మార్గదర్శి

ప్రాజెక్టు పని కోసం వచ్చే విద్యార్థులను నేను మొదట అడిగే ప్రశ్న, ఎసిటోబ్యాక్టర్‌కూ ఎసిటోబ్యాక్టీరియంకూ తేడా ఏమిటన్నది. పులిసిపోయిన కల్లును వెనిగర్‌గా మార్చే ఎసిటోబ్యాక్టర్ ఆక్సిజన్ లేనిదే పని చేయలేదు. అది ఆల్కహాలును ఆక్సీకరించి ఎసిటిక్ ఆమ్లాన్ని తయారు చేస్తుంది. ఎసిటోబ్యాక్టీరియం దారి పూర్తిగా వేరు. గాలి తగిలితే దాని పెరుగుదల ఆగిపోతుంది. అది కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో క్షయకరణం చేసి ఎసిటేట్‌ను నిర్మిస్తుంది. ఈ రెండో తరహా వాయురహిత బ్యాక్టీరియాను ఎసిటోజెన్లు అంటారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదాని మీడియంలో మరొకదాన్ని వేసి రెండు వారాలు ఎదురుచూసిన వారిని నేను చూశాను కాబట్టి ఈ మాటతోనే మొదలుపెడుతున్నాను.

ఈ మార్గదర్శికి ఎసిటోబ్యాక్టీరియం వుడీ అనే జాతిని ఎంచుకున్నాను. అమెరికాలోని వుడ్స్ హోల్ దగ్గర సముద్రపు నీరు కలిసే మడుగు అడుగున ఉన్న నల్లటి బురద నుంచి దీన్ని వేరుచేశారు. 1977లో వర్ణించి, ఎసిటేట్ నిర్మాణ మార్గాన్ని ఛేదించిన హార్లండ్ వుడ్ గౌరవార్థం ఆ పేరు పెట్టారు. జర్మనీలోని డీఎస్‌ఎంజెడ్ కల్చర్ భాండాగారంలో దీని సంఖ్య 1030. ఇది 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర బాగా పెరుగుతుంది, వ్యాధికారకం కాదు, దీని జీవక్రియను ఎంజైము ఎంజైముగా పరిశీలించి ఉన్నారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఇంతకంటే మంచి జాతి నాకు తెలియదు.

మొదట శక్తి లెక్క

మీడియం తూకం వేయకముందే ఈ జీవికి ఎంత మిగులుతుందో తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత చేసే ప్రతి పనికీ కారణం అక్కడే ఉంది. 4 అణువుల హైడ్రోజన్, 2 అణువుల కార్బన్ డయాక్సైడ్ కలిస్తే 1 అణువు ఎసిటిక్ ఆమ్లం, 2 అణువుల నీరు వస్తాయి. ప్రామాణిక పరిస్థితుల్లో ఈ చర్య నుంచి విడుదలయ్యే శక్తి మోలు ఎసిటేట్‌కు సుమారు 95 కిలోజౌళ్లు. బురదలో హైడ్రోజన్ పీడనం చాలా తక్కువ కాబట్టి అక్కడ లభించే శక్తి ఇందులో కొంత భాగమే. ఒక్క ఏటీపీ అణువును (కణం తన పనులకు ఖర్చుపెట్టే శక్తి నాణెం) కట్టడానికి కణానికి అరవై, డెబ్బై కిలోజౌళ్ల వరకు అవసరమవుతుంది. అంటే ఒక్కో ఎసిటేట్ అణువుకు ఒక పూర్తి ఏటీపీ కూడా గిట్టుబాటు కాదు.

కార్బన్ నడిచే దారిని వుడ్–లుంగ్‌డాల్ మార్గం అంటారు. దీనికి రెండు శాఖలున్నాయి. మొదటి శాఖలో కార్బన్ డయాక్సైడ్ ఫార్మేట్‌గా మారి, ఒక ఏటీపీ ఖర్చుతో టెట్రాహైడ్రోఫోలేట్ అనే వాహకానికి అతుక్కుని, మెట్టు మెట్టుగా క్షయకరణం చెంది మిథైల్ సమూహం అవుతుంది. తర్వాత ఆ మిథైల్ కోబాల్ట్ ఉన్న కొరినాయిడ్ ప్రోటీను మీదికి చేరుతుంది. రెండో శాఖలో మరో కార్బన్ డయాక్సైడ్ అణువు కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. నికెల్, ఇనుము, గంధకం కలిసిన ఒక పెద్ద ఎంజైము సముదాయం ఈ రెండింటినీ కోఎంజైమ్–ఏతో కలిపి ఎసిటైల్–కోఏగా కూరుస్తుంది. అది ఎసిటైల్ ఫాస్ఫేట్ మీదుగా ఎసిటేట్‌గా మారేటప్పుడు ఒక ఏటీపీ తిరిగి వస్తుంది. పెట్టింది ఒకటి, వచ్చింది ఒకటి. నేరుగా మిగిలింది సున్నా.

మరి కణం బతికేది దేనితో? ఈ జీవి మొత్తం 4 హైడ్రోజన్ అణువులు వాడుతుంది. అందులో ఒకటి, హైడ్రోజన్‌తో కార్బన్ డయాక్సైడ్‌ను నేరుగా ఫార్మేట్‌గా మార్చే ఎంజైము దగ్గరే ఖర్చవుతుంది. మిగిలిన 3 అణువుల ఎలక్ట్రాన్లను హైడ్రోజనేజ్ అనే మరో ఎంజైము రెండు సమ భాగాలుగా విడదీసి, ఒకటిన్నర జతలను ఫెర్రెడాక్సిన్‌కూ ఒకటిన్నర జతలను ఎన్ఏడీకీ ఇస్తుంది. ఈ రెండూ ఎలక్ట్రాన్లను మోసే వాహకాలు; ఎలక్ట్రాన్లు అందుకున్న ఎన్ఏడీనే ఎన్ఏడీహెచ్ అంటారు. కార్బన్ మోనాక్సైడ్ శాఖకు ఒక జత ఫెర్రెడాక్సిన్ ఎలక్ట్రాన్లు చాలు; మిథైల్ శాఖకు రెండు జతల ఎన్ఏడీహెచ్ కావాలి. కాబట్టి మిగిలిపోయిన అర జత ఫెర్రెడాక్సిన్ నుంచి ఎన్ఏడీకి మారాలి. ఆ మార్పిడి చేసేది పొరలో ఉండే ఆర్ఎన్ఎఫ్ అనే సముదాయం. ఒక్కో జతకు అది 2 సోడియం అయాన్లను బయటికి నెడుతుంది కాబట్టి, అర జతకు నెట్టేది ఒక్క అయానును. ఏటీపీ సింథేజ్ ఒక ఏటీపీ తయారు చేయడానికి సుమారు 3.3 సోడియం అయాన్లు లోపలికి రావాలి. మొత్తం మీద ఒక ఎసిటేట్‌కు దక్కేది 0.3 ఏటీపీ మాత్రమే.

ఈ 0.3 అంకెను ప్రయోగశాల గోడ మీద రాసిపెట్టుకోమని చెబుతాను. ఆక్సిజన్ జాడ మిగిలినా, నికెల్ మరిచిపోయినా, పీహెచ్ అర అంకె తగ్గినా ఈ జీవి ఎందుకు చతికిలబడుతుందో ఆ అంకే చెబుతుంది. ఇ.కోలైలాగా పొరపాట్లను భరించే వెసులుబాటు దీనికి లేదు.

సామగ్రి

అనెరోబిక్ చాంబర్ (ఆక్సిజన్ లేని మూసిన పని పెట్టె) ఉంటే మంచిదే కానీ తప్పనిసరి కాదు. వాయురహిత జీవులను పెంచడానికి సూక్ష్మజీవ శాస్త్రవేత్త రాబర్ట్ హంగేట్ రూపొందించిన పద్ధతికి తర్వాత వచ్చిన మెరుగుదలల పుణ్యమా అని ఈ పని అంతా మూత బిగించిన గాజు సీసాలు, సూదులు, సిరంజీలతో చేయవచ్చు. కావలసినవి: 100 మి.లీ. సీరం సీసాలు (అంచు వరకు నింపితే సుమారు 120 మి.లీ. పడతాయి), మందపాటి బ్యూటైల్ రబ్బరు బిరడాలు, అల్యూమినియం మూతలు, వాటిని నొక్కే క్రింపర్, పీడనం చూసే చిన్న గేజ్, 80 పాళ్లు నైట్రోజన్ 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్, 80 పాళ్లు హైడ్రోజన్ 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉన్న సిలిండర్. మందుల సీసాలకు వాడే మామూలు రబ్బరు బిరడాలు చూడటానికి ఒకేలా ఉంటాయి. కానీ వాటిలోంచి ఆక్సిజన్ నెమ్మదిగా లోపలికి చేరుతుంది. డబ్బు ఆదా చేయాలంటే మరెక్కడైనా చేయండి, బిరడాల దగ్గర మాత్రం వద్దు.

సిలిండర్ వాయువులో కూడా ఆక్సిజన్ జాడలుంటాయి. దాన్ని 350 డిగ్రీల దగ్గర వేడిచేసిన రాగి తురుము గొట్టం గుండా పంపితే ఆ జాడలు రాగికి అంటుకుపోతాయి. రాగి నల్లబడ్డాక హైడ్రోజన్ ఉన్న వాయువు పంపితే మళ్లీ ఎర్రగా మారి పనికొస్తుంది.

ఇన్‌క్యుబేటర్ విషయంలో మన ప్రాంతాల వారికి ఒక మాట. వేడి చేయడమే తప్ప చల్లబరచలేని ఇన్‌క్యుబేటర్, గది ఉష్ణోగ్రత 38 డిగ్రీలున్న మే నెలలో 30 దగ్గర నిలవలేదు. చల్లబరిచే సదుపాయం ఉన్న బీఓడీ ఇన్‌క్యుబేటర్‌నే వాడండి. వేసవిలో కల్చర్లు ఎందుకు చచ్చిపోతున్నాయో తెలియక తికమకపడే ప్రయోగశాలల్లో చాలాసార్లు కారణం ఇదే.

మొదటి మెట్టు: మీడియం

ఒక లీటరు స్వేదజలానికి: అమ్మోనియం క్లోరైడ్ 1 గ్రా., పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.33 గ్రా., డైపొటాషియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.45 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 0.1 గ్రా., ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ 2 గ్రా., సూక్ష్మ లోహాల ద్రావణం 20 మి.లీ., రెసజురిన్ (ఆక్సిజన్ జాడను రంగుతో చూపే సూచిక) 1 మి.గ్రా. వీటికి తర్వాత సోడియం బైకార్బొనేట్ 10 గ్రా., సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ 0.5 గ్రా. చేరుస్తాం. విటమిన్లు, చక్కెర, సోడియం సల్ఫైడ్ స్టెరిలైజ్ చేసిన తర్వాతే.

సూక్ష్మ లోహాల ద్రావణాన్ని వేరే పనికి చేసినదే కదా అని అరలోంచి తీసి వాడకండి. నికెల్, కోబాల్ట్, ఇనుము ఎందుకో పైన చూశాం. వీటితో పాటు ఎసిటోజెన్ల ఫార్మేట్ ఎంజైములకు జాతిని బట్టి టంగ్‌స్టన్ గానీ మాలిబ్డినం గానీ, చాలా జాతుల్లో సెలీనియం కూడా కావాలి. సాధారణ బ్యాక్టీరియా మీడియాలలో నికెల్, టంగ్‌స్టన్, సెలీనియం తరచుగా ఉండవు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఉన్నంతకాలం ఆ లోటు కనబడదు, దాన్ని తగ్గించగానే పెరుగుదల కుప్పకూలుతుంది. విటమిన్లలో ఈ జాతికి పాంటోథినేట్ తప్పనిసరి.

ద్రావణాన్ని మరిగించండి. 30 డిగ్రీల దగ్గర గాలి తగులుతున్న నీటిలో లీటరుకు దాదాపు 7.5 మి.గ్రా. ఆక్సిజన్ కరిగి ఉంటుంది. ఐదు పది నిమిషాల మరుగు అందులో చాలా భాగాన్ని వెళ్లగొడుతుంది. మంట ఆపిన క్షణం నుంచి పైన నైట్రోజన్–కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం పారుతూనే ఉండాలి, ఎందుకంటే చల్లారే నీరు గాలిని ఆత్రంగా పీల్చుకుంటుంది. గోరువెచ్చగా అయ్యాక బైకార్బొనేట్, ఆ తర్వాత సిస్టీన్ వేసి, వాయువును మరికాసేపు ద్రావణంలో బుడగలుగా పంపండి. 10 గ్రా. బైకార్బొనేట్ అంటే 119 మిల్లీమోలార్. దాని పైన 20 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉంటే పీహెచ్ 7.4 దరిదాపుల్లో దానంతట అదే కుదురుకుంటుంది. పీహెచ్ సరిచేయడానికి ఆమ్లమో క్షారమో పోయాల్సి వస్తే, తూకంలోనో వాయువులోనో తప్పు జరిగిందన్నమాట.

ఇప్పుడు రంగు చూడండి. మొదట నీలంగా ఉన్న రెసజురిన్ వేడికి, క్షయకారకాలకు గులాబీ రంగులోకి మారుతుంది. ఆ గులాబీ కూడా పోయి ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తాలూకు లేత పసుపు మాత్రమే మిగిలిన రోజే ఆక్సిజన్ పోయిందని నమ్మాలి. రంగు పోవడానికి ద్రావణం విద్యుత్ శక్మం (రెడాక్స్ పొటెన్షియల్) సుమారు మైనస్ 110 మిల్లీవోల్టుల కిందికి దిగితే చాలు, కానీ ఈ జీవి కోరుకునేది అంతకంటే కింది స్థాయి. అందుకే రంగు పోయిన తర్వాత కూడా సల్ఫైడ్ చేరుస్తాం.

రెండో మెట్టు: సీసాలు నింపడం

ఖాళీ సీసాలోకి పొడవైన సూదితో వాయువు పంపుతూ, ఒక్కో దానిలో 50 మి.లీ. మీడియం పోసి, సూదిని పైకి లాగుతూనే బిరడా నొక్కి, వెంటనే అల్యూమినియం మూత బిగించండి. సూది తీయడానికీ బిరడా పెట్టడానికీ మధ్య ఒక క్షణం ఆలస్యమైనా సీసా గులాబీ రంగులోకి తిరగడం మీరే చూస్తారు. చేయి తిరిగే దాకా మొదటి పది సీసాలను నీళ్లతో, రెసజురిన్‌తో అభ్యాసం చేయమంటాను.

121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేసి, ఆవిరిని తొందరపడి వదలకుండా పూర్తిగా చల్లారనివ్వండి. లోపల వాయువున్న సీసాలివి. హడావుడి చేస్తే బిరడాలు లేస్తాయి, గాజు పగలవచ్చు. ముఖానికి కవచం లేకుండా ఆటోక్లేవ్ తలుపు తీయవద్దు.

చల్లారాక, నైట్రోజన్‌తో మూడుసార్లు కడిగిన సిరంజీతో ఒక్కో సీసాకు ఈ ద్రావణాలు ఎక్కించాలి: 5 శాతం సోడియం సల్ఫైడ్ అర మి.లీ., వడపోసి స్టెరిలైజ్ చేసిన విటమిన్ ద్రావణం 1 మి.లీ., చక్కెర సీసాలైతే 1 మోలార్ ఫ్రక్టోజ్ 1 మి.లీ. ఈ నిల్వ ద్రావణాలన్నీ కూడా నైట్రోజన్ కిందే ఉండాలి. సల్ఫైడ్ సీసాను ఏ ఆమ్లం దగ్గరా ఉంచవద్దు. ఆమ్లం తగిలితే వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ విషవాయువు. సల్ఫైడ్ చేరగానే మీడియంలో లేత బూడిద రంగు మసక కనబడితే భయపడకండి, అది లోహ సల్ఫైడ్. బొగ్గులా నల్లని మడ్డి అడుగున చేరితే మాత్రం సల్ఫైడో ఇనుమో ఎక్కువైనట్టే. కణాలకు అందాల్సిన లోహాలు ఆ మడ్డిలో చిక్కుకుపోతాయి.

మూడో మెట్టు: ఫ్రక్టోజ్ మీద మొదటి పెంపకం

భాండాగారం నుంచి వచ్చిన కల్చర్‌ను నేరుగా హైడ్రోజన్ మీద పెట్టడం చాలామంది చేసే తప్పు. ఎండబెట్టిన స్థితి నుంచి లేచిన కణాలకు మొదట బలమైన తిండి పెట్టాలి. ఫ్రక్టోజ్ ఒక అణువు నుంచి 3 అణువుల ఎసిటేట్ వస్తుంది. చక్కెర రెండు పైరువేట్లుగా చీలి, వాటి నుంచి రెండు ఎసిటేట్లూ రెండు కార్బన్ డయాక్సైడ్‌లూ వస్తాయి; ఆ రెండు కార్బన్ డయాక్సైడ్‌లను, చక్కెర నుంచే వచ్చిన ఎలక్ట్రాన్లతో, పైన చెప్పిన మార్గంలో మూడో ఎసిటేట్‌గా కట్టుకుంటుంది. చాలా కిణ్వనాల్లో వాయువుగా పోయే కార్బన్ ఇక్కడ పోదు. కణానికి దక్కేది ఒక ఫ్రక్టోజ్‌కు సుమారు 4.3 ఏటీపీ, ఈస్ట్ ఆల్కహాలు కిణ్వనంలో సంపాదించేది 2 మాత్రమే. అందుకే ఫ్రక్టోజ్ మీద ఇది సుమారు 6 గంటలకోసారి రెట్టింపవుతుంది, హైడ్రోజన్ మీద దాదాపు ఒక రోజు పడుతుంది.

ఎంత చక్కెర వేయాలన్నది బైకార్బొనేట్ నిర్ణయిస్తుంది. 20 మిల్లీమోలార్ ఫ్రక్టోజ్ నుంచి గరిష్ఠంగా 60 మిల్లీమోలార్ ఆమ్లం వస్తుంది. 119 మిల్లీమోలార్ బైకార్బొనేట్‌లో దాదాపు సగం దాన్ని తటస్థం చేయడానికి పోతుంది, పీహెచ్ ఆరున్నర దగ్గర ఆగుతుంది. ఎక్కువ కణాలు కావాలని లీటరుకు 10 గ్రాముల చక్కెర వేస్తే 166 మిల్లీమోలార్ ఆమ్లం రావచ్చు. బైకార్బొనేట్ మొత్తం కరిగిపోయినా సరిపోదు. అప్పుడు పెరుగుదల మధ్యలో ఆగిపోయి చక్కెర మిగిలిపోతుంది.

ఇక్కడ ఆమ్లం చేసే హాని ఏమిటో వివరంగా చూడాలి. ఎసిటిక్ ఆమ్లం పీకేఏ (సగం అణువులు అయాన్లుగా ఉండే పీహెచ్) 4.76. పీహెచ్ 7 దగ్గర అందులో 0.6 శాతమే అయాను కాని రూపంలో ఉంటుంది. పీహెచ్ 6 దగ్గర 5.4 శాతం, పీహెచ్ 5 దగ్గర 36 శాతం. అయాను కాని ఆ రూపమే పొరలోంచి దూరి, లోపల ప్రోటాన్‌ను వదిలి, కణం కష్టపడి నిలబెట్టుకున్న తేడాలను చెరిపేస్తుంది. 0.3 ఏటీపీతో బతికే జీవి ఆ నష్టాన్ని పూడ్చుకోలేదు. ఇదే ఒత్తిడిలో క్లాస్ట్రిడియం ఆటోఎథనోజెనమ్, క్లాస్ట్రిడియం యుంగ్‌డాలీ వంటి జాతులు ఆమ్లాన్ని ఇథనాల్‌గా మార్చుకుంటాయి. ఉక్కు కర్మాగారాల పొగ వాయువుల నుంచి ఇంధన ఇథనాల్ చేసే పరిశ్రమ నిలబడింది ఆ గుణం మీదే.

ఇనాక్యులం (కొత్త సీసాలోకి ఎక్కించే పెరిగిన కల్చర్) 5 నుంచి 10 శాతం ఉండాలి, అంటే సీసాకు 2.5 నుంచి 5 మి.లీ. సాయంత్రం ఎక్కించిన సీసా మరునాటికి మసకబారుతుంది. సీసాను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని మెల్లగా తిప్పితే, కడ్డీ ఆకారపు కణాలు సిల్కు దారాల్లా మెరుస్తూ సుళ్లు తిరుగుతాయి. ఆ మెరుపు ఆరోగ్యమైన కల్చర్‌కు గుర్తు. మైక్రోస్కోపు కింద పొట్టి కడ్డీలు, చాలావరకు జంటలుగా, కొన్ని చురుగ్గా కదులుతూ కనిపించాలి. బీజకణాలు కనిపిస్తే అది ఎసిటోబ్యాక్టీరియం కాదు, కలుషితమైంది. ఒక చుక్కను గాలిలో ఉంచే సాధారణ పోషక అగార్ పళ్లెం మీద కూడా గీసి చూడండి. అక్కడ ఏమీ మొలవకూడదు.

ఒక చిన్న విషయం కొత్తవారిని కంగారు పెడుతుంది. ఫ్రక్టోజ్ సీసాలో చర్య ప్రకారం నికరంగా వాయువు రాకూడదు, కానీ గేజ్ పెడితే సుమారు అర బారు అదనపు పీడనం చూపిస్తుంది. ఆమ్లం బైకార్బొనేట్‌ను తటస్థం చేసినప్పుడు వెలువడిన కార్బన్ డయాక్సైడ్ అది. కలుషితం అనుకుని మంచి కల్చర్‌ను పారబోయకండి.

నాలుగో మెట్టు: హైడ్రోజన్ మీదికి మార్చడం

ఫ్రక్టోజ్ మీద రెండుసార్లు ఆరోగ్యంగా పెరిగాక, చక్కెర లేని సీసాల్లోకి 10 శాతం ఎక్కించండి. పైనున్న వాయువును మూడుసార్లు శూన్యం చేసి నింపి, 80–20 హైడ్రోజన్ మిశ్రమాన్ని 1 బార్ అదనపు పీడనం వరకు ఎక్కించండి. హైడ్రోజన్ గాలిలో 4 శాతం నుంచి 75 శాతం వరకు మండగలదు కాబట్టి ఫ్యూమ్ హుడ్‌లోనే ఈ పని చేయాలి, దగ్గరలో బన్సెన్ మంట ఉండకూడదు. పగుళ్లు గీతలు ఉన్న సీసాలను ఇక్కడ వాడవద్దు.

సీసాలను షేకర్ మీద పడుకోబెట్టండి. ఒక వాతావరణ పీడనం దగ్గర నీటిలో కరిగే హైడ్రోజన్ లీటరుకు 0.8 మిల్లీమోలు కూడా ఉండదు. కణాలు తాగేసిన హైడ్రోజన్ స్థానంలో వాయువు నుంచి కొత్తది కరిగి రావాలి. సీసా నిటారుగా కదలకుండా ఉంటే ఆ మార్పిడే అడ్డంకి అవుతుంది. పడుకోబెట్టినప్పుడు ద్రవం ఉపరితలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఇంతకంటే చౌకైన మెరుగుదల ఈ మార్గదర్శిలో మరొకటి లేదు.

ఇప్పుడు సీసా లోపలి లెక్క. పైన 70 మి.లీ. వాయువు, మొత్తం పీడనం 2 బార్లు, 30 డిగ్రీలు. అంటే మొత్తం 5.6 మిల్లీమోళ్ల వాయువు. అందులో హైడ్రోజన్ 4.45 మిల్లీమోళ్లు. నాలుగుకు ఒకటి చొప్పున అది 1.1 మిల్లీమోళ్ల ఎసిటేట్ ఇవ్వగలదు, 50 మి.లీ. ద్రవంలో 22 మిల్లీమోలార్. దానికి 2.2 మిల్లీమోళ్ల కార్బన్ డయాక్సైడ్ కావాలి, వాయువులో ఉన్నది 1.1 మాత్రమే. మిగిలిన సగం బైకార్బొనేట్ నుంచి వస్తుంది. బైకార్బొనేట్‌ను తగ్గించి ఫాస్ఫేట్ బఫర్ పెట్టినవారికి హైడ్రోజన్ మిగిలి ఉండగానే పెరుగుదల ఎందుకు ఆగిందో ఈ లెక్కలో కనిపిస్తుంది.

హైడ్రోజన్ అంతా అయిపోయాక సీసాలో పీడనం బయటి గాలి కంటే బాగా తక్కువకు పడిపోతుంది. ఆ స్థితిలో సూది గుచ్చితే గాలి లోపలికి దూసుకుపోతుంది. మా దగ్గర మూడు వారాలు శ్రమించి అలవాటు చేసిన ఆరు సీసాలను శనివారం సాయంత్రం వదిలేసి సోమవారం ఉదయం నమూనా కోసం గుచ్చాను; కళ్ల ముందే ఒక్కొక్కటీ గులాబీ రంగులోకి తిరిగాయి. అప్పటి నుంచి ముందు గేజ్ చూసి, పీడనం తగ్గితే నైట్రోజన్–కార్బన్ డయాక్సైడ్ మిశ్రమం ఎక్కించి, ఆ తర్వాతే నమూనా తీస్తాను. రోజూ ఒకసారి హైడ్రోజన్ నింపడం ఇంకా మంచిది.

పీడనం తగ్గుదలే పెరుగుదలకు తొలి కొలత కూడా. కణాల సాంద్రత హైడ్రోజన్ మీద ఫ్రక్టోజ్ అంత ఎక్కువగా ఎప్పుడూ రాదు. 600 నానోమీటర్ల దగ్గర శోషణ అంతంత మాత్రంగా ఉన్నా పీడనం పడిపోతూ ఉంటే కల్చర్ చక్కగా పనిచేస్తున్నట్టే.

ఐదో మెట్టు: కొలిచి సరిచూడటం

నమూనాను సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రవాన్ని వడపోసి, 5 మిల్లీమోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం మొబైల్ ఫేజ్‌గా ఆర్గానిక్ ఆమ్లాల కాలమ్ మీద హెచ్‌పీఎల్‌సీ (ద్రవంలోని పదార్థాలను విడదీసి కొలిచే క్రోమాటోగ్రఫీ) చేయడం అందరూ వాడే పద్ధతి. ఫ్రక్టోజ్, ఫార్మేట్, ఎసిటేట్ మూడూ ఒకే పరుగులో కనిపిస్తాయి. ఫ్రక్టోజ్ 20 మిల్లీమోలార్ ఖర్చై ఎసిటేట్ 52 వచ్చిందనుకోండి, నిష్పత్తి 2.6, మిగిలింది కణాల దేహంలోకి పోయింది. నిష్పత్తి 2 దగ్గరే ఆగితే మూడో ఎసిటేట్ తయారు కావడం లేదని, అంటే కార్బన్ డయాక్సైడ్ మార్గంలో ఎక్కడో అడ్డు ఉందని అర్థం. నిష్పత్తి 3 దాటితే సంతోషించకండి, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ నుంచి వచ్చినదాన్ని తీసివేయడం మరిచిపోయారు. చక్కెర లేకుండా, నైట్రోజన్ కింద ఉంచిన సీసాను ప్రతి ప్రయోగంలోనూ పోలిక కోసం పెట్టాలి.

సోడియం పాత్రను కంటితో చూడాలంటే సోడియం బైకార్బొనేట్ బదులు పొటాషియం బైకార్బొనేట్ 11.9 గ్రా. వేసి, సోడియం సల్ఫైడ్ మానేసి సిస్టీన్ మాత్రమే ఉంచి, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ తగ్గించి మరో వరుస సీసాలు పెట్టండి. ఇనాక్యులాన్ని కూడా సోడియం లేని మీడియంతో కడగాలి. హైడ్రోజన్ సీసాల్లో ఎసిటేట్ దాదాపు నిలిచిపోతుంది, ఫ్రక్టోజ్ సీసాలు పెరుగుతాయి కానీ ఎసిటేట్ నిష్పత్తి తగ్గుతుంది. తర్వాత సోడియం క్లోరైడ్ ఎక్కిస్తే హైడ్రోజన్ సీసాలు తేరుకుంటాయి. ఆర్ఎన్ఎఫ్ గురించి పుస్తకంలో చదివిన విద్యార్థికీ ఈ సీసాలు చూసిన విద్యార్థికీ ఉన్న తేడాను నేను ఎన్నోసార్లు గమనించాను. అయితే ఈ ఫలితాన్ని అన్ని ఎసిటోజెన్లకూ వర్తింపజేయవద్దు: క్లాస్ట్రిడియం యుంగ్‌డాలీ ఆర్ఎన్ఎఫ్ ప్రోటాన్లతో నడుస్తుంది, 55 నుంచి 60 డిగ్రీల మధ్య పెరిగే మూరెల్లా థర్మోఎసిటికాకు ఆర్ఎన్ఎఫ్ అసలు లేదు.

సొంతంగా వేరుచేయాలనుకుంటే

గోబర్ గ్యాస్ ప్లాంటు స్లరీలోనూ, నీరు నిలిచిన వరి మడి బురదలోనూ ఎసిటోజెన్లు ఉంటాయి, కానీ అక్కడ అవి మీథేన్ జీవులకు ఓడిపోతాయి. అదే హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ నుంచి మీథేన్ తయారైతే మోలుకు సుమారు 131 కిలోజౌళ్లు వస్తాయి; అందువల్ల మీథేన్ జీవులు హైడ్రోజన్‌ను ఎసిటోజెన్లు అందుకోలేనంత తక్కువ స్థాయికి తోడేస్తాయి. కర్ర తినే చెదపురుగుల కడుపులో మాత్రం ఎసిటోజెన్లదే పైచేయి. నమూనాను హైడ్రోజన్ కింద పెట్టేటప్పుడు 20 మిల్లీమోలార్ బ్రోమోఇథేన్ సల్ఫోనేట్ వేస్తే మీథేన్ జీవులు ఆగుతాయి. మెగ్నీషియం సల్ఫేట్ బదులు క్లోరైడ్ వాడితే సల్ఫేట్ పీల్చే బ్యాక్టీరియా కూడా తగ్గుతాయి. మరో చౌక ఉపాయం నమూనాను 80 డిగ్రీల దగ్గర 10 నిమిషాలు వేడిచేయడం. బీజకణాలున్న క్లాస్ట్రిడియం, మూరెల్లా, స్పోరోమ్యూసా మిగులుతాయి, మీథేన్ జీవులు చస్తాయి. కానీ అదే వేడికి బీజకణాలు లేని ఎసిటోబ్యాక్టీరియం కూడా పోతుంది కాబట్టి ఏ జాతి కోసం వెతుకుతున్నారో ముందే తేల్చుకోండి.

నిల్వ

హైడ్రోజన్ మీద పెరిగే ఎసిటోజెన్లలో మొదట శుద్ధంగా దొరికిన క్లాస్ట్రిడియం ఎసిటికమ్‌ను డచ్ శాస్త్రజ్ఞుడు వీరింగా 1936లో ప్రకటించాడు. ఆ తర్వాత ఆ కల్చర్ ప్రపంచంలో ఎక్కడా లేకుండా పోయింది. దశాబ్దాల తర్వాత, ఎవరో ఎండబెట్టి దాచిన పాత బీజకణాల నమూనా నుంచి దాన్ని మళ్లీ మొలిపించి 1981లో కొత్తగా వర్ణించారు. ఎసిటోబ్యాక్టీరియం వుడీకి బీజకణాలు లేవు, అలాంటి అదృష్టం దానికి దక్కదు. ఫ్రక్టోజ్ మీద బాగా పెరుగుతున్న దశలో, పెరుగుదల ఆగక ముందే కణాలను తీసి, సిస్టీన్ కలిపి ఆక్సిజన్ తొలగించిన 20 శాతం గ్లిసరాల్‌లో, చిన్న బిరడా సీసాల్లో మైనస్ 80 డిగ్రీల దగ్గర ఉంచండి. కనీసం పది సీసాలు చేసి, రెండు వేర్వేరు ఫ్రీజర్లలో సగం సగం పెట్టండి. మీద తేదీ, ఎన్నోసారి మార్పిడి, ఏ మీడియం అన్నది పెన్సిలుతో రాయండి. స్కెచ్ పెన్ను గీతలు గ్లిసరాల్ తగిలితే చెరిగిపోతాయి. పెట్టిన వారానికే ఒక సీసాను కరిగించి, ఫ్రక్టోజ్ మీడియంలో వేసి, అది మసకబారాకే పాత కల్చర్‌ను పారవేయండి.